ఓడ అడుగున ఉన్నవారి మాట

భూమ్యాకాశాలలో ఉన్న సమస్తానికీ నిజమైన యజమాని అల్లాహ్. మానవుడు ఆయన నియమించిన ప్రతినిధి మాత్రమే. ఇది ప్రతి ముస్లిమూ చిన్ననాడే నేర్చుకునే పాఠం. కాని ఈ పాఠాన్ని నమాజుకు, జకాత్‌కు, వారసత్వ పంపకానికి అన్వయించుకున్నంత శ్రద్ధగా మనం నేల అడుగున ఉన్న చమురుకు, తీరాన పెరిగే మడ అడవికి, మొగ దగ్గర వల వేసే జాలరికి అన్వయించుకోవడం లేదు.

ఒక ఊరి పంచాయతీ సమావేశమై, 'మా తీరంలో చమురు బావి తవ్వవద్దు' అని తీర్మానించిందనుకుందాం. అది ధర్మాగ్రహమా, స్వార్థమా? దేశమంతటికీ కావలసిన ఇంధనాన్ని ఒక ఊరు కాదనవచ్చా? ఆ ఊరి మాటను దేశం తోసిపుచ్చవచ్చా? ఇది రాజకీయ నాయకులకు, ఇంజనీర్లకు మాత్రమే సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది. నిజానికిది హక్కుల ప్రశ్న. హక్కుల గురించి ప్రళయదినాన ప్రతి ఒక్కరూ జవాబు చెప్పుకోవలసి ఉంటుంది. కనుక ధర్మం ఈ విషయంలో ఏమంటుందో తెలుసుకోవడం మన బాధ్యత.

కోనసీమ చూసిన మంటలు

కోనసీమలో ఉన్న మనకు ఇది ఎక్కడో జరిగే ముచ్చట కాదు. అంబాజీపేట అనగానే అందరికీ గుర్తుకొచ్చేది కొబ్బరి మార్కెట్టు, కొబ్బరి పరిశోధన కేంద్రం. ఇక్కడ రైతు దగ్గర నుంచి దింపు కూలీ, ఒలుపు కూలీ, పీచు పని చేసే ఆడవాళ్ళు, బండి తోలేవాడు, కొట్టు పెట్టుకున్నవాడు వరకు అందరి అన్నమూ ఆ చెట్టు మీదే ఆధారపడి ఉంది. 1996 నవంబరు 6 నాటి తుపానులో లక్షల చెట్లు నేలకూలినప్పుడు చెట్టు పడిపోతే కోనసీమ ఎలా పడిపోతుందో మనం చూశాం. నాటిన మొక్క చేతికందడానికి ఏళ్ళు పడుతుంది. కొబ్బరి రైతుకు నష్టమంటే ఒక్క పంట నష్టం కాదు, అనేక సంవత్సరాల నష్టం.

ఈ కొబ్బరి తోటల కిందనే, ఈ తీరానికి ఎదురుగా ఉన్న సముద్రం అడుగునే కృష్ణా - గోదావరి బేసిన్ చమురు, సహజవాయు నిక్షేపాలు ఉన్నాయి. దశాబ్దాలుగా ఇక్కడ తవ్వకాలు సాగుతున్నాయి. 2001లో తాటిపాకలో చిన్న రిఫైనరీ మొదలైంది. 2009లో రిలయన్స్ సంస్థ తీరానికి ఆవల లోతు సముద్రం నుంచి గ్యాసు తీయడం ప్రారంభించింది. 2024 జనవరి 7న ఓఎన్‌జీసీ లోతు సముద్రపు 98/2 బ్లాకు నుంచి తొలి చమురు తీసింది. అల్లవరం మండలం ఓడలరేవులో గ్యాసును ఒడ్డుకు చేర్చే కేంద్రం ఉంది.

దీనితో పాటు కోనసీమ మంటలనూ చూసింది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో బ్లోఅవుట్ సంభవించి ఆ మంట సుమారు 65 రోజులు ఆరలేదు. రాత్రిపూట కూడా మైళ్ళ దూరం వెలుగు కనిపించేది. చుట్టుపక్కల జనం ఇళ్ళు వదలి వెళ్ళారు. 2014 జూన్ 27, శుక్రవారం తెల్లవారుజామున, రమజాన్ నెల మరో మూడు రోజులలో ప్రవేశిస్తుందనగా, మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ గ్యాసు గొట్టం పేలి 20 మందికి పైగా మరణించారు. నిద్రలో ఉన్నవారు నిద్రలోనే కాలిపోయారు. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో నీటి తడి ఉన్న గ్యాసును పంపడం వల్ల లోపల తుప్పు పట్టిందని తరువాతి విచారణలో తేలింది. 2020 ఫిబ్రవరిలో కాట్రేనికోన మండలం ఉప్పూడిలో బావి నుంచి గ్యాసు ఎగజిమ్మి ఊరు ఖాళీ చేయవలసి వచ్చింది. 2026 జనవరి 5న మలికిపురం మండలం ఇరుసుమండలో మోరి క్షేత్రపు బావి నుంచి గ్యాసు ఎగదన్ని అంటుకుంది. మళ్ళీ జనం ఊళ్ళు విడిచి పరుగెత్తారు, మళ్ళీ కొబ్బరి చెట్లు మాడాయి.

ఇవన్నీ నేల మీద జరిగినవి. అందుకే కంటికి కనిపించాయి, లెక్కకు వచ్చాయి. సముద్రంలో జరిగేది అలా కనిపించదు. తోటకు సర్వే నంబరు ఉంటుంది, పట్టా ఉంటుంది. నష్టం జరిగితే రైతు పట్టా చూపించి పరిహారం అడగగలడు. జాలరి ఏ పట్టా చూపిస్తాడు? చేప గుడ్లు పెట్టే మడ అడవి ఎవరి పేరున ఉంది? తీరానికి వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టి వెళ్ళిపోయే ఆలివ్ రిడ్లే తాబేలు ఏ కార్యాలయంలో అర్జీ పెట్టుకుంటుంది? సముద్రాన్ని మానవుని సేవకు లోబరచి, అందులో నుంచి తాజా మాంసాన్ని ఆహారంగా ఇచ్చామని అల్లాహ్ నహ్ల్ సూరా 14వ ఆయతులో తన అనుగ్రహాన్ని గుర్తు చేస్తున్నాడు. ఆ అనుగ్రహానికి మొదటి హక్కుదారుడు వల భుజాన వేసుకుని వెళ్ళే పేదవాడు. కాగితం లేనంత మాత్రాన అతని హక్కు లేకుండా పోదు.

చట్టంలో ఊరి స్థానం

మన రాజ్యాంగం ప్రకారం చమురు క్షేత్రాల నియంత్రణ కేంద్ర జాబితాలోని విషయం. ప్రాదేశిక జలాల అడుగున ఉన్న సంపద 297వ అధికరణం ప్రకారం కేంద్రానికి చెందుతుంది. 73వ సవరణ తరువాత పంచాయతీలకు 29 విషయాలు అప్పగించవచ్చని రాజ్యాంగంలో రాశారు. చేపల పెంపకం అందులో ఉంది, తాగునీరు ఉంది, చమురు తవ్వకం లేదు. అంటే తవ్వకం వల్ల చెడేవాటి బాధ్యత పంచాయతీదీ, తవ్వకం మీద నిర్ణయం మరొకరిదీ. ఊరికి మిగిలిన ప్రధానమైన అవకాశం 2006 పర్యావరణ ప్రకటన కింద జరిగే ప్రజాభిప్రాయ సేకరణ. 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం అన్వేషణ దశలోని చమురు, గ్యాసు బావులను తక్కువ తరగతికి మార్చి, ఆ దశలో ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేకుండా చేసింది. ఉత్పత్తి దశలోనే ఊరిని అడుగుతారు. అప్పటికి బావి తవ్వడం పూర్తయి ఉంటుంది!

ఇతర చోట్ల కూడా ఇదే పెనుగులాట కనిపిస్తుంది. 2017లో తమిళనాడు పుదుక్కోట జిల్లా నెడువాసల్ ప్రాంతంలో హైడ్రోకార్బన్ పథకానికి వ్యతిరేకంగా రైతులు లేచి నిలబడ్డారు, గ్రామసభలలో తీర్మానాలు చేశారు. 2020లో ఆ రాష్ట్రం కావేరి డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటిస్తూ చట్టం చేసింది. అమెరికాలోని శాంటా బార్బరా తీరంలో 1969 జనవరి 28న సముద్రపు బావి నుంచి చమురు ఎగజిమ్మి తీరమంతా నల్లబడింది. ఆ తరువాత కాలిఫోర్నియా తీరంలోని స్థానిక ప్రభుత్వాలు ఒక మార్గం కనుగొన్నాయి. సముద్రం తమ అధికారంలో లేదు. కాని సముద్రంలో తీసిన చమురు ఒడ్డుకు రావాలంటే గొట్టాలు, ట్యాంకులు తమ నేల మీదే కట్టాలి. కనుక అటువంటి కట్టడాలకు ఓటర్ల ఆమోదం ఉండాలని 1985లో శాంటా క్రూజ్‌తో మొదలుపెట్టి ఇరవైకి పైగా నగరాలు, కౌంటీలు నిబంధనలు చేసుకున్నాయి. 2016లో అట్లాంటిక్ తీరంలోని వందకు పైగా పట్టణాల వ్యతిరేకత తరువాత అమెరికా ప్రభుత్వం అక్కడి సముద్రాన్ని నాటి లీజుల ప్రణాళిక నుంచి తప్పించింది.

చట్టాలు దేశాన్ని బట్టి మారుతాయి. ధర్మం మారదు. మరి ధర్మం ఏమంటోంది?

ఖర్జూర తోటల యజమానులను అడిగిన ప్రవక్త (స)

విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రదింపులతో సాగుతాయని దివ్యఖుర్ఆన్ షూరా సూరా 38వ ఆయతులో తెలియజేసింది. సంప్రదించడం అంటే ఏమిటో మహాప్రవక్త (స) ఆచరించి చూపించారు.

హిజ్రీ 5వ సంవత్సరం. కందక యుద్ధం. మదీనా నలువైపులా శత్రుసేనలు. ఆకలి, చలి, భయం. ఆ సమయంలో దైవప్రవక్త (స) గత్‌ఫాన్ తెగ నాయకులతో ఒక ఒప్పందం ఆలోచించారు. మదీనా ఖర్జూర దిగుబడిలో మూడో వంతు వారికి ఇస్తే వారు ముట్టడి వదలి వెళ్ళిపోతారు. నగరమంతా రక్షణ పొందుతుంది. దేశ ప్రయోజనం అంటే ఇంతకన్నా పెద్దది ఏముంటుంది? అయినప్పటికీ ఆయన ఆ ఒప్పందాన్ని ఖాయం చేయలేదు. ముందుగా ఔస్, ఖజ్రజ్ తెగల నాయకులైన సాద్ బిన్ ముఆజ్ (రజి), సాద్ బిన్ ఉబాదా (రజి)లను పిలిచి అడిగారు. ఎందుకంటే ఇవ్వబోయే ఖర్జూరాలు వారి ప్రజలవి.

వారు ఇది దైవాజ్ఞా, లేక మా మేలు కోరి మీరు చేసిన ఆలోచనా అని విచారించారు. మీ మేలు కోరి చేసిన ఆలోచనే అని ప్రవక్త (స) చెప్పగా, అయితే మాకు సమ్మతం కాదన్నారు. ఆయన కోపగించుకోలేదు. మీరు దేశద్రోహులన్నట్లు చూడలేదు. వారి మాటనే అంగీకరించి ఒప్పందాన్ని విరమించారు.

ఇందులో మనం గమనించవలసినవి మూడు విషయాలున్నాయి. మొదటిది, ఆయన నష్టం ఎవరి మీద పడుతుందో వారినే అడిగారు. లాభం పొందేవారిని అడిగితే ఎవరు కాదంటారు? రెండోది, నిర్ణయానికి ముందు అడిగారు. నిర్ణయించిన తరువాత సమాచారం ఇవ్వడాన్ని సంప్రదింపు అనరు. మూడోది, 'కాదు' అనే జవాబుకు చోటు ఉంచారు. 'సరే' అనడానికి మాత్రమే అవకాశమున్న సభ సంతకాల సేకరణ మాత్రమే అవుతుంది.

ఖర్జూర తోటల మూడో వంతు కోసమే ఇంత సంప్రదింపు జరిగితే, కొబ్బరి తోటలూ, ఉప్పుటేర్లూ, ప్రాణాలూ పణంగా ఉన్న చోట ఎంత జరగాలి? ఆలోచించండి.

ఇచ్చిన గనిని తిరిగి తీసుకున్న వైనం

మరొక సంఘటనను అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలు నమోదు చేశాయి. యమన్ దేశపు మారిబ్ ప్రాంతం నుంచి వచ్చిన అబ్‌యజ్ బిన్ హమ్మాల్ (రజి) అక్కడి ఉప్పు గనిని తనకు ఇమ్మని కోరగా దైవప్రవక్త (స) ఇచ్చారు. ఆయన వెళ్ళిపోయిన తరువాత సభలో ఉన్న ఒక వ్యక్తి, తమరు ఇచ్చింది ఎన్నటికీ ఆగని నీటి ఊట వంటి సంపద అని విన్నవించాడు. అంటే అందరూ సులువుగా వాడుకుంటున్న వనరు ఒక్కరి చేతికి వెళ్తోందన్న మాట. ఆ మాట విని ప్రవక్త (స) ఆ గనిని వెనక్కి తీసుకున్నారు.

ఇచ్చిన లీజును రద్దు చేయడం ప్రభుత్వ ప్రతిష్ఠకు భంగం అనుకునే కాలం మనది. ఇక్కడ సాక్షాత్తూ దైవప్రవక్త (స) ఒక సామాన్యుని మాట మీద తన నిర్ణయాన్ని మార్చుకున్నారు. కొత్త విషయం తెలిసినప్పుడు పాత అనుమతిని తిరిగి పరిశీలించడం బలహీనత కాదు, న్యాయం. ఒక బావికి ఇరవై ఏళ్ళ క్రితం అనుమతి ఇచ్చారన్నది నేటి ప్రశ్నకు జవాబు కాదు.

దేశానికి ఇంధనం అక్కర లేదా?

ఇక్కడ న్యాయమైన ఒక ఆక్షేపణ ఉంది. దేశానికి గ్యాసు కావాలి. మన ఇంట్లో పొయ్యి వెలగాలి. ఎరువులు తయారు కావాలి, కరెంటు రావాలి. ప్రతి ఊరూ 'మా దగ్గర వద్దు' అంటే దేశం ఎలా నడుస్తుంది? ధర్మశాస్త్ర పండితులు కూడా సర్వజనులకు కలిగే హానిని తప్పించడానికి కొందరి హానిని భరించవచ్చునన్న సూత్రాన్ని చెప్పారు కదా?

నిజమే, చెప్పారు. కాని అదే పండితులు ఆ సూత్రం పక్కనే మరి రెండు సూత్రాలు పెట్టారు. ఒక హానిని అంతే హానితో తొలగించరాదు. లాభం సంపాదించడం కన్నా కీడును నివారించడం ముందు. వీటన్నిటికీ మూలం, ఎవరికీ హాని చేయరాదు, హానికి బదులు హాని కూడా చేయరాదు అన్న ప్రవక్త (స) బోధన.

ఈ సూత్రాలను కలిపి చూస్తే మూడు ప్రశ్నలు వస్తాయి. ఈ బావి లేకపోతే ప్రజలకు కలిగేది హానియా, లేక కొంత లాభం తగ్గడమా? ఆసుపత్రికి కరెంటు ఆగిపోవడం వేరు, సంస్థ ఆదాయం తగ్గడం వేరు. తీరానికి కలగబోయేది తిరిగి సరిదిద్దగల అసౌకర్యమా, సరిదిద్దలేని వినాశమా? రోడ్డు పాడైతే మళ్ళీ వేయవచ్చు, ఉప్పు ఎక్కిన భూగర్భ జలాన్ని, నశించిన మడ అడవిని తిరిగి తేవడం మన చేతిలో పని కాదు. అదే ఇంధనాన్ని తక్కువ ప్రమాదంతో మరోలా పొందే దారి ఉందా? ఉన్నప్పుడు 'అవసరం' అన్న మాటకు బలం తగ్గిపోతుంది.

అందువల్ల ప్రతి ఊరి ప్రతి అభ్యంతరమూ చెల్లవలసిందే అని మేము అనడం లేదు. హాని తాత్కాలికమైనప్పుడు, పరిహారం నిజంగా అందినప్పుడు, జాగ్రత్తలు పూర్తిగా తీసుకున్నప్పుడు ఊరు కొంత ఓర్చుకోవడం కూడా ధర్మమే. కాని నష్టం తిరిగి సరిదిద్దలేనిదైనప్పుడు, దానిని భరించేది పేదలైనప్పుడు ఆ ఊరి 'వద్దు'ను తోసిపుచ్చే హక్కు ఎవరికీ లేదు. ఊరిని సంప్రదించకుండా హాని కలిగించి ఆ తరువాత ఇచ్చే డబ్బు న్యాయాన్ని పూర్తి చేయదు. నగరం గ్రామంలో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారం అందింది. తుప్పు పట్టిన గొట్టాన్ని ముందే పట్టించుకుని ఉంటే ఆ పరిహారం అవసరమే ఉండేది కాదు.

'అంతా దైవలిఖితం, జరగవలసింది జరిగింది' అని కొందరు సరిపెట్టుకుంటారు. చనిపోయినవారి బంధువు గుండె నిబ్బరం కోసం అనుకుంటే అది సహనం. గొట్టాన్ని తనిఖీ చేయవలసిన అధికారి అంటే అది బాధ్యత నుంచి పారిపోవడం. ఒంటెను కట్టివేయాలా, అల్లాహ్‌పై భారం వేసి వదిలేయాలా అని అడిగిన మనిషికి, ముందు కట్టివేసి తరువాత అల్లాహ్‌ను నమ్ముకోమని ప్రవక్త (స) చెప్పారు.

ఓడ ఉపమానం

నుఅమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. కొందరు ఒక ఓడలో చీట్లు వేసుకుని చోట్లు పంచుకున్నారు. కొందరికి పై అంతస్తు, కొందరికి అడుగు అంతస్తు వచ్చాయి. అడుగున ఉన్నవారు నీటి కోసం పైకి వెళ్ళవలసి వచ్చేది. పైవారిని ఇబ్బంది పెట్టడమెందుకు, మా వంతులోనే చిల్లి పెట్టుకుంటామని వారు అనుకున్నారు. పైవారు చూస్తూ ఊరుకుంటే అందరూ మునుగుతారు, వారి చేయి పట్టుకుంటే అందరూ బతుకుతారు.

ఈ హదీసును మనం చాలాసార్లు విన్నాం. ఇందులో ఒక అంశాన్ని మాత్రం తక్కువగా గమనిస్తాం. అడుగువారి దాహం అబద్ధం కాదు. వారి అవసరం నిజమైనదే, ఉద్దేశం కూడా చెడ్డది కాదు. 'మా వంతు మా ఇష్టం' అనుకోవడమే తప్పు. కనుక అవసరం నిజమైనదైనంత మాత్రాన చిల్లి పెట్టడం న్యాయమైపోదు.

నేటి మన ఓడలో పరిస్థితి తలకిందులుగా ఉంది. చిల్లి పెట్టేది పై అంతస్తువారు, నీరు ముందుగా చేరేది అడుగున ఉన్నవారి దగ్గరకు. లంకలలో, తీరాన, ఏటిగట్టు పక్కన ఉన్నవారే ఓడ అడుగున ఉన్నవారు. వారు పైవారి చేయి పట్టుకున్నప్పుడు, 'మీరు ప్రయాణానికి అడ్డు తగులుతున్నారు' అంటున్నాం. వాస్తవానికి వారు ఓడను కాపాడుతున్నారు.

'వద్దు' అనేవారి బాధ్యత

అయితే చేయి పట్టుకునేవాడి చేయి కూడా పరిశుభ్రంగా ఉండాలి. వ్యతిరేక తీర్మానాన్ని బేరానికి పెట్టి, డబ్బు చేతికి రాగానే వెనక్కి తీసుకునే సర్పంచి ఊరి అమానత్‌ను అమ్ముకున్నవాడవుతాడు. కాంట్రాక్టు తనకు రాలేదని లేచి, వచ్చాక కూర్చునే నాయకుడూ అంతే. 'మా ఊళ్ళో వద్దు, పక్క ఊళ్ళో తవ్వుకోండి' అనేవాడు తన కోసం కోరుకున్నదాన్నే తన సోదరుని కోసం కోరుకోవాలన్న ప్రవక్త (స) బోధనను మరచిపోయినవాడు.

ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. కోనసీమలో నీటిని పాడు చేస్తున్నది చమురు బావి ఒక్కటే కాదు. వరి చేల మధ్య రొయ్యల చెరువులు తవ్వి, ఆ ఉప్పునీటిని పంట కాలువలోకి వదిలేవారున్నారు. చెరువుల కోసం మడ చెట్లు నరికేవారున్నారు. వారిలో ముస్లింలూ ఉన్నారు, ముస్లిమేతరులూ ఉన్నారు. పెద్ద సంస్థ పెట్టిన పెద్ద చిల్లిని ప్రశ్నిస్తూ తన చిన్న చిల్లిని దాచుకునేవాని మాటకు విలువ ఉండదు. పైరునూ, ప్రాణులనూ నాశనం చేసే కల్లోలాన్ని అల్లాహ్ మెచ్చడని బఖరా సూరా 205వ ఆయతు హెచ్చరిస్తోంది. అందులో సంస్థకు ఒక లెక్క, వ్యక్తికి ఒక లెక్క లేదు. నేల మీదా, నీటిలోనూ వ్యాపించిన చెడుగు మనుషుల చేతుల సంపాదనే అని రూమ్ సూరా 41వ ఆయతు చెబుతోంది. ఆ చేతులలో మన చేతులు కూడా ఉండవచ్చు.

మరి మనం చేయగలిగింది ఏమిటి? గ్రామసభ జరిగే రోజున మన పనులు మానుకుని అయినా వెళ్ళి కూర్చోవడం. ప్రజాభిప్రాయ సేకరణకు ముందు పర్యావరణ నివేదికను తెలుగులో ఇమ్మని అడిగి, చదివించుకుని, సంయమనంతో ప్రశ్నించడం. మన ఊరి పక్క నుంచి వెళ్ళే గొట్టాన్ని చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారో పంచాయతీ ద్వారా రాతపూర్వకంగా అడగడం. పట్టా లేని జాలరి, కౌలు రైతు, ఒలుపు కూలీ తరఫున నోరు విప్పడం. ఈ పనిలో మతభేదం లేకుండా ఊరివారందరితో కలసి నిలబడడం. గ్యాసు మంట ఇంటి తలుపు మీద పేరు చదివి రాదు.

అధికారంలో ఉన్నవారికి కూడా ఒక విన్నపం. యూఫ్రటీసు నది ఒడ్డున ఒక పశువు దిక్కులేక చనిపోయినా అల్లాహ్ తనను నిలదీస్తాడని హజ్రత్ ఉమర్ (రజి) భయపడేవారని చరిత్ర చెబుతోంది. ఆ పశువు ఆయనకు ఎన్నడూ అర్జీ పెట్టుకోలేదు. గోదావరి ఒడ్డున ఉన్న మనుషులు అర్జీలు పెట్టుకుంటూనే ఉన్నారు.

అల్లాహ్ మనకు ఇచ్చిన నేలనూ, నీటినీ ఆయన అప్పగింతగా భావించి కాపాడుకునే భాగ్యాన్ని ప్రసాదించుగాక! పాలకులకు వినే చెవినీ, ప్రజలకు నిజం చెప్పే నాలుకనూ అనుగ్రహించుగాక! ఆమీన్.